పసుపు మరక కింది పేరు

పోయిన నెల ఒక మధ్యాహ్నం సురేందర్ నిజామాబాద్‌లోని మా ఇంటికి వచ్చాడు. ఒకప్పుడు నా దగ్గర డిగ్రీలో తెలుగు చదువుకున్నాడు. ఇప్పుడు తనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాడు, నెత్తి మీద వెంట్రుకలు కూడా పలచబడ్డాయి. జిల్లాలో పుట్టి ఏదో ఒక పనిలో పేరు తెచ్చుకున్న వాళ్ళందరి గురించి, అకారాది వరుసలో ఒక పెద్ద పుస్తకం వేయాలని నలుగురైదుగురు ఉపాధ్యాయులు పూనుకున్నారు. వాళ్ళలో ఇతనికే ఓపిక ఎక్కువ కాబట్టి చిక్కులన్నీ ఇతని నెత్తినే పడుతున్నాయి. మంచినీళ్ళు తాగి, సంచిలోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. పైన 'పద్మావతి, ఆర్మూర్' అని రాసి ఉంది. పక్కన పెద్ద ప్రశ్నార్థకం.

"మేడం, ఈమె పేరు కాడ ఆగిపోయినం. కథల పుస్తకంల పద్మావతి అని ఉన్నది. ఒక పరిశోధన గ్రంథంల పద్మమ్మ అన్నరు. ఇంకొకాయన పద్మావతీదేవి అని రాసిండు. ఆర్మూర్ల ముసలోళ్ళను అడిగితేనేమో గసొంటి ఆమెను ఎరుగమంటున్నరు. గా కథలు రాసుకున్నది మీరే గదా. ఏ పేరు కింద పెడదాం?"

"నాలుగు రోజులాగు, చెప్త" అన్నాను. మామూలుగా నేను అలా అనే మనిషిని కాను. ముప్పై ఏళ్ళకు పైగా పాఠాలు చెప్పాను. పిల్లలు ఊళ్ళు తిరిగి పాటలో కథలో రాసుకొస్తే, 'చెప్పినవారి పేరేది?' అని పక్కన ఎర్ర సిరాతో రాసి మార్కులు కోసేదాన్ని. పేరు లేకుండా తెచ్చింది దొంగసొత్తు అని క్లాసులో గట్టిగా అనేదాన్ని. సురేందర్ కూడా ఒకసారి నా చేత ఆ మాట పడ్డాడు. ఆ కుర్రవాడు ఇప్పుడు పేరు కోసం నా గడప తొక్కాడు, నేనేమో నాలుగు రోజులు ఆగమన్నాను. అతను వెళ్ళిపోయాక బీరువా కింది అరలోంచి ఆ పుస్తకం తీశాను. అట్ట ఊడిపోయింది. వెనక పేజీల్లో కథలు చెప్పినవాళ్ళ పేర్లు వరుసగా ఉన్నాయి. అందులో ఒక్క పేరు మీద వేలెడంత పసుపు మరక. వెలుతురు తగిలితే పసుపు వెలిసిపోతుంది. మూసి పెట్టిన పుస్తకం కాబట్టి మిగిలింది.

ఆ మరక ఎలా పడిందో చెప్పాలంటే ఆర్మూర్‌లో మా ఇంటి సంగతి చెప్పాలి. గుట్ట వైపు పోయే తోవలో మాది పెంకుటిల్లు. ఇల్లు చిన్నదే, దాని వెనక దొడ్డి పెద్దది. పసుపు తవ్వకాలు మొదలైతే మా ఇంట్లో మనుషుల కంటే పసుపుకే ఎక్కువ చోటు దొరికేది. తడి మట్టితో బండ్లు వచ్చి దొడ్లో కుప్పలు పోసేవి. ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని మట్టి రాల్చి, తల్లి మండ నుంచి కొమ్ములు విరిచి, రెండు కుప్పలుగా వేరు చేసేవాళ్ళు. మగవాళ్ళు పెద్ద కడాయిల్లో ఉడకబెట్టేవాళ్ళు. ఉడికిన దాన్ని కల్లంలో పరిస్తే పక్షం రోజులు ఎండాలి. ఆ ఆవిరి వాసనలో సగం మట్టి, సగం మందు. అది చీరలకు పట్టేది, అన్నానికి పట్టేది, నా నోటు పుస్తకాలకు పట్టేది. తలంటుకున్నా జడలోంచి పోయేది కాదు. చిన్నప్పుడు అందరి ఇళ్ళూ ఇలాగే వాసన వేస్తాయనుకునేదాన్ని.

మా బాపమ్మ, అంటే మా నాయన తల్లి, ఆ దొడ్డికి పెద్ద అధికారి. నోట్లో తంబాకు పెట్టుకుని, చేతిలో చిన్న కర్ర పట్టుకుని తిరిగేది. ఆ కర్ర కుక్కలకనేది గాని కుక్కలకు ఎన్నడూ తగల్లేదు. మా వీపులకే తగిలేది. పగటి పూట పని చేసేవాళ్ళందరికీ మా ఇంట్లోనే మక్క గట్క, పచ్చిపులుసు. బాపమ్మ గంటె పట్టుకుని నిలబడి, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి వడ్డించేది. ముప్పై మంది ఉన్నా సరే, ఏ ఒక్కరినీ 'ఓ పిల్లా, నువ్వు రా' అనేది కాదు. ఒకసారి నేను తొందరపడి ఎవరి పేరూ పిలవకుండా గిన్నెలు ముందు పెట్టేస్తుంటే కర్రతో నా చేతి మీద కొట్టింది. "పేరు వెట్టి పిలువకుంట బువ్వ వెడ్తవా? వాళ్ళేమన్న గొడ్లా?" అంది. ఈ చదువంతా నేను కాలేజీలో నేర్చుకోలేదు, మా దొడ్లోనే నేర్చుకున్నాను. నేర్చుకుని కూడా ఏం చేశానో ఇప్పుడు చెబుతాను.

బాపమ్మ మొదట పిలిచే పేరు పెంటవ్వ. పొడుగ్గా, ఎముకల పోగులా ఉండేది. మోచేతుల దాకా పచ్చబొట్లు. భర్త పోయాక బిడ్డ రాజవ్వను వెంటబెట్టుకుని ఏటా మా దొడ్డికి వచ్చేది. రాజవ్వ నాకంటే రెండేళ్ళు చిన్నది. పెంటవ్వకు గోడవారన ఒక చోటుండేది, అక్కడ ఇంకెవరూ కూర్చునేవాళ్ళు కాదు. కాళ్ళు చాపి, ఒక కొమ్ము చేతిలోకి తీసుకుని టప్పున విరిచి "శాత్రం చెప్పాల్నా?" అనేది. మా వైపు కథను శాత్రం అంటారు. ఆమె శాత్రానికి రెండు కట్టుబాట్లు. వినేవాళ్ళు 'ఊఁ' కొడుతుండాలి, చేతులు ఆడుతుండాలి. ఎవరి చెయ్యి ఆగినా ఆమె నోరు అక్కడే ఆగేది. రాకుమారుడు బావిలో వేలాడుతున్నా సరే, పులి నోరు తెరిచి ఉన్నా సరే. "చెయ్యి ఆగింది, శాత్రం ఆగింది" అని నింపాదిగా కొమ్ములు విరుచుకుంటూ ఉండేది. ఆ ఆగిన చెయ్యి ఎవరిదో వాళ్ళను మిగతా ఆడవాళ్ళు తిట్టి పనిలో పెట్టేవాళ్ళు. దొడ్లో పెంటవ్వ ఉంటే మేస్త్రీ అక్కర్లేదని మా నాయన నవ్వేవాడు.

తన పేరు సంగతి ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన శాత్రం. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా ముందు అదే చెప్పేది. "మా అవ్వకు నా కంటె ముందుగాల ముగ్గురు పుట్టి పోయిన్రు. నాలుగోదాన్ని నేను. కడుపుల నుంచి పడంగనే నన్ను తీస్కవోయి పెంటకుప్ప మీద పండవెట్టింది. పక్కింటామె చాట తెచ్చి, నన్ను చాటల వేస్కొని, గీ పిల్ల నాకు దొరికిందన్నది. మా అవ్వ సోలెడు నూకలిచ్చి నన్ను మల్ల కొనుక్కున్నది. పారేసిన దాన్ని సావు గూడ ముట్టదట. గందుకే పెంటవ్వ అని పెట్టింది. సూడు బిడ్డ, మా అవ్వ ఎంత హుషారు మనిషో! యమునికే టోపీ వెట్టింది." ఈ చివరి మాటకు దొడ్డంతా నవ్వేది. ఆమె అందరికంటే గట్టిగా నవ్వేది. ముగ్గురు బిడ్డలను పోగొట్టుకున్న తల్లి నాలుగో బిడ్డ కోసం చేసిన ఉపాయం ఆ పేరు. ఆ పేరులో ఎంత భయం ఉందో, ఎంత ప్రేమ ఉందో దొడ్లో కూర్చున్న అందరికీ తెలుసు. నాకు కూడా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు.

ఇంటర్ చదవడానికి నన్ను నిజామాబాద్‌లో హాస్టల్లో వేశారు. అక్కడి అమ్మాయిలు తలకు షాంపూలు వాడేవాళ్ళు, నా జడ వాసన చూసి మొహాలు చూసుకునేవాళ్ళు. ఒక ఆదివారం పగలు ఏమీ తోచక పెంటవ్వ శాత్రం ఒకటి చెప్పాను. నక్క, పటేలు బిడ్డను పెళ్ళాడాలని వచ్చే కథ. అందరూ మంచాల మీంచి లేచి నా చుట్టూ చేరారు. ఆ గంట సేపు హాస్టల్లో నా అంత మొనగత్తె లేదు. కథ అయిపోయాక ఒకమ్మాయి "గింత మంచిగ ఎవలు చెప్పిన్రే నీకు?" అని అడిగింది. పెంటవ్వ అన్నాను. ఒకతి ముక్కు మూసుకుంది. ఇంక నవ్వులు ఆగలేదు. వారం రోజులు నన్ను పెంటవ్వ మనవరాలా అని పిలిచారు. ఆ పేరు ఎందుకు పెట్టారో చెప్పి ఉంటే నోళ్ళు మూతపడేవి. నేను చెప్పలేదు. ఆమె మా ఇంట్లో పనిచేసే మనిషి, నాకేమీ కాదు అన్నాను.

ఆ ఏడే ఊరి కథలు సేకరించే ఒక ఆచార్యుడు మా కాలేజీకి వచ్చాడు. మీ మీ ఊళ్ళలో పెద్దవాళ్ళు చెప్పే కథలు ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి, చెప్పినవారి పేరు మాత్రం మరచిపోవద్దు అన్నాడు. సెలవుల్లో ఇంటికి వెళ్ళి పెంటవ్వ పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. రాస్తుంటే పసుపు విరవలేను, విరవకుంటే ఆమె చెప్పదు. కాసేపు ఆలోచించి "రాసుడు గూడ చెయ్యి పనే" అని తీర్పు చెప్పింది. అయినా నా పెన్సిల్ ఆగితే ఆమె ఆగేది. అలా పదకొండు కథలు రాశాను. హాస్టల్‌కు తిరిగొచ్చి, ట్రంకు పెట్టె మీద కాగితాలు పెట్టుకుని శుభ్రంగా ప్రతి తీశాను. చివరి కాగితంలో పేరు, వయసు, చిరునామా నింపాలి. ఎదురుగా గోడ మీద అమ్మవారి క్యాలెండర్ వేలాడుతోంది, కింద 'శ్రీ పద్మావతీ అమ్మవారు' అని ఉంది. నేను 'పద్మావతి' అని రాశాను. పెద్దగా ఆలోచించలేదు.

ఆమె పరువు కాపాడడానికే అలా రాశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. చదువుకున్న వాళ్ళు చదివే పుస్తకంలో ఆ పేరు చూసి నవ్వుతారు, పాపం ముసలామెకు ఎందుకా అవమానం అని. శుద్ధ అబద్ధం. ఆమెకు తన పేరంటే గర్వం. సిగ్గు నాది, దాన్ని ఆమె ఖాతాలో వేసి నేను పుణ్యాత్మురాలినయ్యాను.

పుస్తకం అచ్చయి వచ్చింది. మళ్ళీ పసుపు ఎండే రోజుల్లో ఇంటికి తీసుకెళ్ళాను. కల్లం పక్కన అందరూ చేరారు. నక్క కథ చదివాను. ఆడవాళ్ళు 'ఊఁ' కొట్టారు. తన మాటలు కాగితం మీంచి వినిపిస్తుంటే పెంటవ్వ తల పక్కకు వంచి, వేరే ఎవరో చెబుతున్నట్టు విన్నది. మధ్యలో ఒకచోట ఆపి "గట్ల గాదు, నక్క ముందుగాల దండం వెడ్తది, గప్పుడు కూసుంటది" అని సరిచేసింది. కథ అయ్యాక కొంగుకు చేయి తుడుచుకుని ముందుకు జరిగింది.

"నా పేరు గూడ ఏసిండ్రా బిడ్డ?"

"ఏసిండ్రు, పెంటవ్వా."

"ఏడున్నది? జర సూపెట్టు."

వెనక పేజీ తీసి 'పద్మావతి' అన్న చోట నా వేలు పెట్టాను. పైకి మాత్రం "పెం-ట-వ్వ" అని కూడబలుక్కున్నట్టు చదివాను. ఆమె నా వేలు పక్కకు జరిపి తన వేలు పెట్టింది. ఎంత తుడుచుకున్నా పసుపు పోని వేలు. ఒక్కొక్క అక్షరం మీద మెల్లగా తడుముకుంటూ పోయింది. "రాస్తే నా పేరు గింత సక్కగుంటదా! మా అవ్వ ఉంటే సూస్తుండె" అంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా ఒక్కొక్కరే వంగి చూశారు. ఆ దొడ్లో ఆ రోజు చదవడం వచ్చిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. రాజవ్వ అప్పుడు బడి మానేసి బీడీల కోసం తునికాకు కత్తిరించడం నేర్చుకుంటోంది, ఆ పూట అక్కడ లేదు. ఉంటే ఏమయ్యేదో అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. ఉంటే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఒక అబద్ధం కడుపున మరో అబద్ధం పుడుతుందంటారు. నాకు రెండు నెలలు కూడా పట్టలేదు. కథలు చెప్పినవాళ్ళను హైదరాబాద్‌కు పిలిచి సభలో శాలువా కప్పుతామని ఆచార్యుడు నాకు హాస్టల్‌కు ఉత్తరం రాశాడు. పద్మావతి గారికి వేరే ఆహ్వానం పంపుతున్నాను, మీరు దగ్గరుండి తీసుకురండి అని. ఆమెకు ఆరోగ్యం బాగాలేదు, రాలేరు అని వెంటనే జవాబిచ్చాను. ఆహ్వానం ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. నేను సెలవులకు ఇంట్లో ఉండగానే పోస్టుమాన్ దొడ్డి గేటు దగ్గర సైకిల్ ఆపాడు. నేను తలుపు వెనక జడ వేసుకుంటున్నాను.

"గీ గల్లిల పద్మావతి అంటె ఎవలమ్మా?" అని అడిగాడు.

ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు. పెంటవ్వే జవాబు చెప్పింది. "గా పేరు గల్లామె మా కాడ ఎవలు లేరు నాయినా. ఏం కాయిదం గది?"

"హైదరాబాద్ నుంచి వచ్చింది. ముద్ర గూడ ఉన్నది."

"అయ్యో, మంచి కాయిదమే ఉన్నట్టున్నది. వాపస్ పంపకు, జర అరుసుకో. గా మూల మీద కొత్తగ కిరాయికి వచ్చిన్రు, గాళ్ళదేమో. దా, నేను సూపెడ్త."

నేను చూస్తుండగానే పెంటవ్వ చేతిలో కొమ్ము పక్కన పెట్టి లేచింది. శాత్రం మధ్యలో చెయ్యి ఆపని మనిషి, లేచి పోస్టుమాన్ వెంట గల్లీ చివరిదాకా నడిచింది. ఆ ఇంట్లో అడిగింది, పక్కింట్లో అడిగింది. తన ఉత్తరం పట్టుకున్న మనిషిని వెంటేసుకుని ఇల్లిల్లూ తిరిగి, తన కోసం తానే వెతికింది. నేను ఒక్క అరుపు అరిస్తే చాలు. సగం వేసిన జడ చేత్తో పట్టుకుని తలుపు వెనకే నిలబడ్డాను. కాసేపటికి తిరిగొచ్చి కూర్చుంటూ "దొరకలే. పాపం ఎవల నసీబ్ల ఉన్నదో గా కాయిదం" అంది. ఆ పూటంతా శాత్రం చెప్పలేదు. నాకు తెలిసి ఆమె అలా చెప్పకుండా ఉన్నది ఆ ఒక్క రోజే.

తర్వాత నేను చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. ఆ పుస్తకంలో సేకర్తగా అచ్చయిన నా పేరు నాకు పీజీ సీటు ఇంటర్వ్యూలో ఉపయోగపడింది. ఆ తర్వాత కూడా రెండు మూడు చోట్ల ఉపయోగపడింది. ఆమె పేరు ఆమెకే ఉపయోగపడలేదు. పెంటవ్వ వేల్పూర్‌లో బిడ్డ దగ్గర పోయిందని కబురొచ్చినప్పుడు పేపర్లు దిద్దే పని ఉందన్నాను. ఉన్న మాట నిజమే. ఒక్క రోజు సెలవడిగితే కాదనేవాళ్ళు ఎవరూ లేరన్నదీ నిజమే.

సురేందర్‌కు నాలుగు రోజులని చెప్పి వారం దాటించాను. అతనే ఫోన్ చేశాడు. అసలు పేరు పెంటవ్వ అని మాత్రం చెప్పాను. అటువైపు అతను ఊపిరి పీల్చుకున్నాడు. "అయితే అల్కగనే అయిపోతది మేడం. అచ్చుల వచ్చిన పేరే పైన పెట్టాలన్నది మా పద్ధతి. పద్మావతి అని పెట్టి, పక్కన అసలు పేరు పెంటవ్వ అని రాద్దాం. కలం పేరు అసొంటిది అనుకుంటరు. ఎవలకు తక్లీఫ్ ఉండది" అన్నాడు. చదవడం రానామెకు కలం పేరు! అయినా నిజం చెప్పాలి, ఆ మాట వినగానే నా గుండె మీంచి బరువు దిగింది. ఎవరూ నన్ను ఏమీ అడగరు. ఆమే ముచ్చటపడి ఒక మంచి పేరు పెట్టుకుందని లోకం అనుకుంటుంది. "సరే, గట్లనే చేద్దాం" అన్నాను కూడా. రెండు రోజులు హాయిగా అన్నం తిన్నాను. మూడో రోజు పుస్తకం తిరిగి లోపల పెడదామని తీస్తే మరక ఉన్న పేజీ తెరుచుకుంది. అక్కడ వేలు పెట్టి "మా అవ్వ ఉంటే సూస్తుండె" అన్న మాట చెవిలో పడింది. చీర మార్చుకుని బస్సెక్కాను.

ఆర్మూర్‌లో దిగి మా ఇంటి తోవలో నడిచాను. మా దొడ్డి ఉన్న చోట ఇప్పుడు వరసగా దుకాణాలు. పసుపును ఇప్పుడు ట్రాక్టరు మీద వచ్చిన బాయిలరు చేను దగ్గరే గబగబా ఉడికించి పోతుంది, మిషన్లు మెరుగు పెడతాయి. మంచిదే, ఆడవాళ్ళ నడుములు మిగిలాయి. అయితే శాత్రం అయ్యేదాకా పసుపు ఎవరి ముందూ ఆగడం లేదు. ఆ వాసన కోసం ముక్కు ఎగబీల్చాను. ఒకప్పుడు ఆ వాసనకే కదా తల వంచుకున్నానని గుర్తొచ్చి, ఆటో మాట్లాడుకుని వేల్పూర్ వెళ్ళాను.

రాజవ్వ అరుగు మీద కూర్చుని ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. కొడుకు దుబాయ్‌లో, కోడలు లోపల వంటలో. నన్ను చూసి చాట దించలేదు. "దా, సరోజక్కా. కూసో" అంది. నేను పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక జిల్లా పుస్తకం సంగతి చెప్పాను. మీ అమ్మ పేరు అందులో ఎక్కుతుంది అన్నాను.

"ఏ పేరు?" అంది రాజవ్వ.

నేను ఒళ్ళో పుస్తకం తెరవబోయి మళ్ళీ మూశాను. ఆమె చేతులు ఆగకుండా ఆకు చుడుతూనే ఉన్నాయి.

"మాకు ఎరుకనే అక్కా. మా పెద్ద పిల్ల ఏడో తరగతిల ఉన్నప్పుడు బడి నుంచి గా పుస్తకం తెచ్చింది. అమ్మమ్మా, నువ్వు చెప్పే శాత్రాలన్ని ఎవలో పద్మావతి చెప్పిందట అని చదివింది. అమ్మ అన్ని చదివిచ్చుకున్నది. పదకొండు. ఒక్కటి వోకుంట నావే అన్నది. నేను మస్తు తిట్టిన, ఎవతో దొంగముండ అని. అమ్మ మాత్రం, 'అయితే గా నాటి కాయిదం నాదే' అన్నది."

రాజవ్వ బీడీకి దారం చుట్టి తెంపింది. "గంతే అన్నది. మల్ల ఒక్కటే మాట. 'సరోజకు తెల్వనియ్యకుండ్రి, పిల్ల ఫికర్ వెట్టుకుంటది' అన్నది. గందుకే నేను నీకు గిన్నేండ్లు చెప్పలే. అమ్మ మాట అని ఊకున్న. నాకు మాత్రం నువ్వంటె మంట వోలేదు. ఇప్పుడు గూడ ఉన్నది."

నేను ఏడ్చాను. ఓదార్చమని ఏడవలేదు, ఆమె ఓదార్చనూ లేదు. పెంటవ్వకు నా అబద్ధం తెలుసు. తెలిసి, నా ఫికర్ పెట్టుకుని పోయింది. నేనేమో ఇన్నేళ్ళు ఆమెకు తెలియదన్న ధీమాతోనే బతికాను. కళ్ళు తుడుచుకుని, ఏ పేరు కింద రాయమంటావు అని రాజవ్వను అడిగాను.

"నాడు అమ్మను అడిగినవా? ఇప్పుడు నన్నెందుకు అడుగుతున్నవ్?" అంది. చాటలోంచి ఇంకో ఆకు తీసుకుని తనే అంది. "పెంటవ్వ అనే రాయి. గట్ల ఎందుకు పెట్టిన్రో గది గూడ రాయి, లేకుంటె మల్ల ఎవలన్న ముక్కు మూసుకుంటరు. పద్మావతి ఎవలు పెట్టిన్రో గది గూడ రాయి."

ఇంటికి వచ్చి నా చేత్తోనే రాసి సురేందర్‌కు ఇచ్చాను. పెంటవ్వ అన్న పేరు పైన, ఆ పేరు వెనక ఉన్న తల్లి కథ కింద. 'ప' వరసలో పద్మావతి అన్న చోట కథ లేదు, వయసు లేదు. 'చూడు: పెంటవ్వ' అని మాత్రమే. అతను చదివి చివరి వాక్యం నాకు చూపించాడు. "మేడం, మీ పేరు అవసరమా? రాసుకున్నోళ్ళ పొరపాటు అంటె సరిపోతది గదా" అన్నాడు. నా మీద గౌరవంతోనే అన్నాడు.

"పొరపాటైతే గట్లనే రాద్దుము" అన్నాను. అతను కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

ఆ పేజీ నమూనా అచ్చయి నా చేతికి రాగానే మళ్ళీ వేల్పూర్ వెళ్ళాను. ఈసారి రాజవ్వ చాట కింద పెట్టింది. నేను పక్కన కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, కాగితం విప్పి గొంతు సవరించుకున్నాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చదువకు" అంది. "నేను ఏడో తరగతి దాంక పోలే గని, గింత చదువుడు నాకొస్తది. నేనే చదువుకుంట."

కాగితం నా చేతిలోంచి తీసుకుని మోకాలి మీద పరుచుకుంది. పొగాకు నలుపెక్కిన వేలు పెట్టి మెల్లగా జరుపుతూ చదివింది. "పెం... ట... వ్వ. శాత్రాలు చెప్పిన మనిషి. ఊరు ఆర్మూర్." పెంటకుప్ప, చాట, సోలెడు నూకలు అన్నీ చదివింది. ఆఖరి వాక్యం దగ్గర వేలు ఇంకా నెమ్మదించింది. "పుస్తకాలలో ఉన్న పద్మావతి అనునది ఈమె పేరు కాదు. కథలు రాసుకున్న సరోజ..."

అక్కడ ఆపి తల ఎత్తి నా వైపు చూసింది. వాళ్ళమ్మ కూడా సరిగ్గా ఇలాగే ఆపేది.

"ఊఁ" అన్నాను.

వేలు ముందుకు జరిగింది. "...అసలు పేరుకు సిగ్గుపడి, ఆమెకు చెప్పకుండా పెట్టినది."